ఫుకెట్ దీవిలో పిల్లల్ని ఎవరి దగ్గర వదిలామంటే

టూరు మేనేజరంటే జెండా పట్టుకొని ముందు నడిచేవాడని అందరూ అనుకుంటారు. బళ్ళారిలో ముప్పై ఏళ్ళు ఆ పని చేశాను. జెండా మోసిన రోజులన్నీ కలిపితే ఒక వారం ఉంటాయేమో. మిగతా రోజులన్నీ వేరే పనులతోనే గడిచాయి. ఎవరి మాత్రలు ఏ సంచిలో ఉన్నాయి, ఎవరి పక్కన ఎవరికి సీటు పడకూడదు, ఏ పిల్లవాడు బస్సు దిగగానే ఏ దిక్కుకు పరుగెత్తుతాడు. రిటైరయినా ఇప్పటికీ నాలుగు నిమిషాలు ఒకచోట కూర్చోలేను. పెళ్ళికి పోతే అన్నం తినను, తలకాయలు లెక్కపెడతాను.

ఇప్పుడు డిగ్రీలు చదివిన పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారు. ఫోన్లో టికెట్లు కొట్టడం, రూములు పట్టడం నాకంటే వాళ్ళకు బాగా వచ్చు. వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది: పరాయి దేశంలో, భాష రాని చోట, పసిపిల్లల్ని చూసుకునే మనిషిని ఎట్లా వెతకాలి అన్నది.

ముందే ఒక మాట. నాకు పెంచి చెప్పే జబ్బుంది. "ఫుకెట్లో ఐదు వందల మంది పిల్లలకు ఆయాల్ని కుదిర్చినా" అని దొరికినవాడికల్లా చెబుతుంటాను. ఐదు వందలు కాదు. యాభై కూడా కాదు. పెన్ను పట్టుకొని నిజాయితీగా లెక్కేస్తే ముప్పైనాలుగు మంది తేలారు. అందులో కవల పిల్లలిద్దర్ని రెండుసార్లు లెక్కేసినట్టు ఇప్పుడే గుర్తొచ్చింది.

ఒడి ఖాళీ లేని చోట

మొదట్లో మావి తిరుపతి, షిర్డీ, కాశీ బస్సులు. వాటిల్లో పిల్లల్ని చూసుకోవడం ఒక పని అనే ఊహే లేదు. బస్సు హొసపేట దాటేసరికి ఏ పిల్లవాడు ఎవరి ఒడిలో నిద్రపోతుంటే వాళ్ళ పిల్లవాడే. తల్లి ఎక్కడో వెనక సీట్లో నోరు తెరుచుకొని నిద్రపోతుండేది.

తరువాత లారీలవాళ్ళకూ రైసుమిల్లులవాళ్ళకూ దీవుల్లో పెళ్ళి చేసే సరదా పట్టుకుంది. రెండు విమానాల మనుషుల్ని థాయిలాండులో ఉన్న ఫుకెట్‌కు తీసుకుపోవాలి. పసుపు స్నానాలు ఇసుకలో, ఫోటోలు నీళ్ళలో, ఒక రోజు పడవలో పక్కదీవికి. అవ్వలు, పిన్నమ్మలు, మేనత్తలు, ఇంట్లో పిల్లల్ని ఎత్తుకొనే ప్రతి ఒక్కరూ ఇక్కడ చుట్టాలే, అందరికీ మేకప్పే. ఒక్క ఒడీ ఖాళీ లేదు. పిల్లలు మాత్రం ఎప్పట్లాగే ఉన్నారు.

మా ఓనరు గాదిలింగప్ప

మంచి మాటా చెడ్డ మాటా రెండూ ఈయన దగ్గరే నేర్చుకున్నాను. మంచి మాట: "వీరేశా, తలకాయలు లెక్కపెట్టేటప్పుడు చిన్నవి ముందు లెక్కపెట్టప్పా. పెద్దోడు తప్పిపోతే వాడే ఫోన్ చేస్తాడు."

చెడ్డ మాట, ప్రయాణికుల కాగితాలు నింపేటప్పుడు చెప్పింది: "రోగం గడిలో ఎప్పుడూ 'లేదు' అనే రాయాల. 'ఉండాది' అని రాసినావనుకో, ఇంగో నాలుగు కాగితాలు అడుగుతారు. మన జనం మందు తెచ్చుకుంటారు, నోరు మూసుకోని మింగుతారు. నీకేంది?"

ఏళ్ళ తరబడి అట్లాగే రాశాను. బీపీలున్నవాళ్ళకూ లేదు, షుగరున్నవాళ్ళకూ లేదు, స్టెంట్ వేసుకున్నవాడికీ లేదు. చేతికి అలవాటైపోయింది, పేరు రాసినట్టే.

యాడ వెతకాల

మొదటి ఫుకెట్ పెళ్ళిలో హోటలువాళ్ళు "మాకు పిల్లల గది ఉంది" అన్నారు. పోయి చూశాను. రంగు బంతులు నింపిన తొట్టి, గోడంత టీవీ, ఇస్త్రీ మడత నలగని బట్టల్లో ఇద్దరమ్మాయిలు. మురిసిపోయి సంతకం పెట్టాను. కాసేపటికి తొంగిచూస్తే మన పిల్లలు ఏడుగురూ తలుపుకు వీపులానించి వరుసగా కూర్చున్నారు. ఒక్క బంతీ కదల్లేదు. ఆ అమ్మాయిలు చెడ్డవాళ్ళు కారు. మధ్యాహ్నానికి వాళ్ళ డ్యూటీ అయిపోతుంది, వేరే ఇద్దరొస్తారు. పిల్లవాడు ఒక మొహాన్ని నమ్మేసరికి ఆ మొహం ఇంటికి పోతుంది.

రెండోసారి హోటలు ముందువైపు వదిలేసి వెనకవైపు పోయాను. దుప్పట్లు ఉతికే చోట పనిచేసే ఆడవాళ్ళను ఒకటే ప్రశ్న అడిగాను: "మీ పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి వస్తారు?" ముగ్గురికి ముగ్గురూ ఒకే సందు చూపించారు. ఈ వృత్తిలో నేను కనిపెట్టిన గొప్ప సంగతి ఇదే.

నేను కనిపెట్టలేదు. నా భార్య ఫోన్లో తిడితే తెలిసింది. "ఆ సూటు ఏసుకున్నోల్లను అడిగితే ఏం తెలుస్తాది? ఆడ గుడ్డలుతికే ఆడోల్లకు పిల్లోల్లు లేరా? వాల్లనడుగు పో!" అని. పదేళ్ళు ఆ తెలివి నాదని చెప్పుకున్నాను. ఆమె ఎప్పుడూ కాదనలేదు, నవ్వేది.

ఆ సందులో ఉండేది నోయ్. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, ఎప్పుడూ ఒక తడిగుడ్డ భుజాన. రేకుల కప్పు, కింద నున్నటి సిమెంటు నేల, నాలుగు ఫ్యాన్లు, చాపలు. హోటళ్ళలో ఊడ్చే తుడిచేవాళ్ళ పిల్లలు, బర్మా నుంచి పనికొచ్చినవాళ్ళ పిల్లలు పది పన్నెండు మంది. బొమ్మలు తక్కువ. బొమ్మలు చూసి మోసపోకండి. చెప్పకుండా అన్నాల తరువాత పోయి చూడండి. పిల్లలు నిద్రపోయేటప్పుడు ఆ మనిషి వాళ్ళ పక్కన పడుకొని ఉందా, గడప దగ్గర ఫోను చూసుకుంటోందా? కొత్తవాడు లోపలికి రాగానే పిల్లలు వాడి కాళ్ళకు చుట్టుకున్నారా? చుట్టుకుంటే అక్కడ వాళ్ళను ఎత్తుకునేవాళ్ళు లేరని అర్థం. నోయ్ పిల్లలు నన్ను ఒకసారి చూసి, మళ్ళీ అన్నం తినడంలో పడ్డారు. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నన్ను అంత తక్కువ లెక్కచేసింది వాళ్ళే.

ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బడిలో ఫెయిలయినవి. అయినా సరిపోయింది.

పదకొండు కాగితాలు

ఇప్పుడు నేను చేసిన తప్పు.

సిరిగేరి వరి రైతుల అమ్మాయి, కురుగోడు లారీల ఇంటి అబ్బాయి. పెళ్ళి ఫుకెట్లో. పిల్లలు పదకొండు మంది. పెళ్ళికూతురి అక్క సుజాతకు మూడేళ్ళ కొడుకు, లిఖిత్.

బళ్ళారి నుంచి బెంగళూరు విమానానికి పోయే బస్సులో సుజాత నా పక్క సీట్లోకి వచ్చి కూర్చుంది. గొంతు తగ్గించింది.

"మామా, ఒక మాట. లిఖిత్‌కు జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. రెండు తూర్లు వచ్చినాయి. పెద్దయితే పోతాదని డాక్టరు చెప్పినాడు. అయితే పెండ్లికొడుకోల్లకు తెలీదు. మా నాయన చెప్పద్దన్నాడు. తెలిస్తే చెల్లెలి వంశంలో ఉండాదంటారు."

"నా నోట్లోంచి రాదమ్మా," అన్నాను. రాలేదు కూడా. అదే వచ్చిన చిక్కు.

నోయ్ ప్రతి పిల్లకూ ఒక కాగితం ఇచ్చేది. ఏం తింటుంది, ఎట్లా నిద్రపోతుంది, ఏం జబ్బులున్నాయి, జబ్బు చేస్తే ఏం చెయ్యాలి, అన్నీ రెండు మూడు ఇంగ్లీషు ముక్కల్లో. తల్లులు రాయాలని ఆమె నియమం. తల్లులందరూ మెహందీ చేతులతో ఉన్నారు. నేనే పదకొండూ ముందేసుకొని టిఫిన్ బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా పెళ్ళికొడుకు మేనమామ రుద్రప్ప ఇడ్లీ తింటూ నా పెన్నునే చూస్తున్నాడు. పక్కన పెళ్ళికొడుకు అవ్వ శంకరమ్మ, లారీల కుటుంబానికంతా పెద్ద.

జబ్బులు: లేదు. లేదు. లేదు. పదకొండుసార్లు. లిఖిత్ కాగితం దగ్గర చెయ్యి ఆగిందని చెబుతుంటాను. ఆగలేదు. సులువుగా జారిపోయింది.

"జబ్బు చేస్తే ఏం చెయ్యాలంట?" అని అవ్వ అడిగింది.

"అదే రాస్తాండా అవ్వా."

"పిల్లోల్లకు ఒళ్ళు కాలితే నీళ్ళు తగలనియ్యద్దని రాయప్పా. దుప్పటి కప్పి, చెవులు మూయమను. ఈ దేశమోల్లు పొద్దస్తమానం నీళ్ళల్లోనే ఉంటారు, వీల్లకేం తెలుసు."

మన ఊళ్ళలో అందరం చేసేదదే కదా. పదకొండు కాగితాల్లోనూ అదీ రాశాను.

పడవలో

మూడో రోజు అందరం పడవెక్కాం. పిల్లలు నోయ్ దగ్గర. పొద్దున లిఖిత్‌కు కొంచెం ముక్కు కారుతుంటే సుజాత వెనక్కి వెనక్కి చూసింది. "ఏం కాదులేమ్మా, ఆయమ్మ శానా మంచిది" అన్నాను. అరగంట ప్రయాణం అయ్యేసరికి నా ఫోను మోగింది. నోయ్.

"లిఖిత్ వేడి. చాలా వేడి. కాగితంలో నీళ్ళు వద్దు, దుప్పటి అని ఉంది. నాకు నీళ్ళు కావాలి. నువ్వు చెప్పు."

ఇక్కడ నేను టీ అంగడి దగ్గర చెప్పే కథ ఒకటుంది. లేచి నిలబడ్డాను, ఇంజను హోరును మించి "వాడికి ఫిట్స్ వస్తాయి, నీళ్ళతో తుడువ్!" అని అరిచాను, పడవ తిప్పించాను అని. బళ్ళారి కౌల్ బజారులో ఈ కథకు నాకు చాలాసార్లు టీ దొరికింది.

జరిగింది వేరే. "వెయిట్, వెయిట్" అన్నాను. ఫోను పెట్టేశాను. ఎవరికీ వినపడకుండా మాట్లాడటానికి చోటు వెతికాను. వెనక్కి పోతే ఇంజను, ముందుకు పోతే అవ్వ, మధ్యలో రుద్రప్ప. ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. పడవలో పరాయి చెవికి వినపడని మూల ఎక్కడుంటుంది?

"ఎవరు మామా ఫోన్?" అంది సుజాత.

"ఊరికే... హోటలోల్లు."

ఆ తల్లికి నేను చెప్పిన మాట అది. ఇన్నేళ్ళయినా అది పెంచి చెప్పడానికీ తగ్గించి చెప్పడానికీ నాకు వీలు కాలేదు.

మళ్ళీ మోగింది. సుజాత ఫోను వైపు చూడలేదు, నా మొహం చూసింది. చేతిలోంచి లాక్కుంది. ఒక్క నిమిషం విన్నది.

"వాటర్!" అని అరిచింది. "వాటర్, ఒళ్ళంతా! దుప్పటి తియ్! వాడికి ఫిట్స్ వస్తాయి! ఫిట్స్! ఫిట్స్!"

ఇంగ్లీషు రాని మన అవ్వలకు కూడా ఆ మాట తెలుసు. పడవంతా విన్నది. పెళ్ళికూతురి నాయన తల దించుకున్నాడు.

అవతల నోయ్ ఏదో చెబుతోంది. సుజాత ఏడుస్తూనే నాతో అంది: "నీళ్ళు పెట్టేసిందంట మామా. నువ్వు వెయిట్ అన్నాక ఆగలేదంట."

పడవవాడు ఏం చెయ్యాలని నా వైపు చూశాడు. నేను రుద్రప్ప వైపు చూశాను. శంకరమ్మవ్వ గట్టిగా అంది: "ఆయప్ప మొకమేంది చూస్తావు? తిప్పించు పడవ." రుద్రప్ప మాత్రం నీళ్ళవైపు తిరిగి, "ముందే ఒక మాట అనుండాల్సింది" అన్నాడు, నీళ్ళతో అన్నట్టు.

మేం పోయేసరికి లిఖిత్ ఫ్యాను కింద తడి తువ్వాలు మీద బోర్లా పడుకొని, పక్క పిల్లవాడి కాలివేళ్ళు లెక్కపెడుతున్నాడు. జ్వరం దిగింది. ఫిట్స్ రాలేదు. నీళ్ళ వల్ల రాలేదో, ఎట్లాగూ వచ్చేది కాదో, క్లినిక్కులో డాక్టరు చెప్పలేదు. సిరప్ ఇచ్చాడు, దుప్పటి మాత్రం కప్పొద్దన్నాడు.

నోయ్ సుజాతను దాటుకొని, కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"ఎవరు రాశారు?"

"నేను."

పదకొండు కాగితాలూ మడిచి నా చొక్కా జేబులో పెట్టింది. "తల్లులు రాయాలి. లేకపోతే రేపు పిల్లలు వద్దు."

ఆ సాయంత్రం హోటలు హాల్లో తల్లుల్ని కూర్చోబెట్టి పెన్నులిచ్చాను. ఒకామె మొదలుపెట్టాక మిగతావాళ్ళూ రాశారు. జీడిపప్పు తింటే పెదవులు వాచే పిల్ల, సుద్దముక్కలు తినే పిల్లవాడు, ఎవరి చెవో పట్టుకోకపోతే నిద్రపోని పాప, ఇంకా పక్క తడిపే ఇద్దరు పెద్దపిల్లలు. నేను రాసిన పదకొండు 'లేదు'ల్లో తల్లులు రాశాక మిగిలినవి రెండు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ గడి దగ్గర పెన్ను మీరు పట్టుకోవద్దు. రహస్యం కాపాడటం మంచి గుణమే. పిల్లవాడిని ఎవరి చేతుల్లో పెడుతున్నామో ఆ మనిషి దగ్గర కూడా కాపాడితే అది గుణం కాదు.

అదే హాల్లో ఇంకో మూల రుద్రప్ప, పెళ్ళికూతురి నాయన.

"వంశంలో ఉండాదా అని అడిగేది తప్పా, చెప్పప్పా?"

"వంశంలో లేదప్పా. వానికి జ్వరమొస్తేనే."

"దాచిపెట్టినోల్లు ఇప్పుడు లేదంటే ఎట్ల నమ్మాల?"

పెళ్ళికూతురు పైన గదిలో తలుపేసుకుంది. ముహూర్తం మరుసటి పొద్దున. "అవ్వ ఏమంటే అది" అని రుద్రప్ప లేచిపోయాడు. అవ్వ అప్పటికే తన గదికి పోయింది.

ముహూర్తం పొద్దున

తెల్లారి టిఫిన్ల దగ్గర అవ్వ నన్ను పిలిచింది. "ఆ పిల్లోల్లను చూసే మనిషి ఇల్లు యాడ? తోల్కపో."

ఆ ఇద్దరూ ఎదురుపడకూడదనుకున్నాను. సుజాత అప్పుడే లిఖిత్‌ను ఎత్తుకొని అటే పోయింది. నోయ్ ఇల్లు హోటలు వెనక గేటు నుంచి రెండు నిమిషాలు. నేను అవ్వను ముందు గేటు నుంచి బజారంతా చుట్టి తీసుకుపోయాను, ఈలోపు సుజాత వెళ్ళిపోతుందేమోనని. "ఏమప్పా, ఈ దీవంతా చూపిస్తాండావా?" అంది అవ్వ. అయినా నడిచింది.

సుజాత అక్కడే ఉంది. కొత్త కాగితంలో 'ఫిట్స్' అని రాసి ఇచ్చింది. నోయ్ చదివి, తలాడించి, చేతులతో అడిగింది: ఎట్లా వస్తుంది? నాకు చూపించు. నేను ఎప్పుడూ చూడలేదు, వస్తే గుర్తుపట్టాలి కదా.

సుజాత ఒంటి మీద పెళ్ళికి కట్టుకున్న పట్టుచీర, జడ నిండా పూలు. లిఖిత్‌ను నోయ్ చేతికిచ్చి, చాప మీద పడుకుంది. చేతులు బిగించింది. తల ఒక పక్కకు వాల్చి, కళ్ళు పైకి పోనిచ్చింది. కాళ్ళు తటతటా కొట్టింది. తరువాత ఒక పక్కకు ఒత్తిగిలి, ఇట్లా పడుకోబెట్టాలి అని సైగ చేసింది. లిఖిత్ అమ్మ ఆట ఆడుతోందని నవ్వాడు.

లేచి కూర్చొని చూస్తే గడపలో అవ్వ.

సుజాత కొంగు సర్దుకోలేదు, దాక్కోలేదు. "ఇట్లనే వస్తాదవ్వా," అంది.

అవ్వ లోపలికొచ్చింది. "ఎంతసేపు?"

"నూరు లెక్కపెట్టేలోగా నిలిచిపోతాది."

"జ్వరం లేకుండా వచ్చిండాదా ఎప్పుడన్నా?"

"ఎప్పుడూ లేదవ్వా."

"మీ చెల్లెలికి?"

"దానికి లేదు. మా ఇంట్లో ఎవరికీ లేదు. లిఖిత్ మీద ఒట్టేసి చెప్తా."

"పిల్లోని మీద ఒట్టేందమ్మా, నమ్మినాలే." అవ్వ చాప అంచున నెమ్మదిగా కూర్చుంది, మోకాళ్ళు పట్టుకొని. "లే. పోయి నీ చెల్లెలి పక్కన నిలబడు. ఈనికి ఈపొద్దు మల్ల ఒళ్ళు కాలినా కాలుతాది. నేనీడ కూచుంటా."

"అవ్వా! మనవడి ముహూర్తం..."

"ముహూర్తానికి నన్ను యా కుర్చీలో కూచోబెడ్తారో నాకు తెలుసులే. నా మొగుడు పోయినప్పట్నుంచి అది వెనక వరసే. ఈ చాపే మేలు." నా వైపు తిరిగింది. "వీరేశా, అవ్వ యాడని రుద్రప్ప అడుగుతాడు. పెండ్లికూతురోల్ల పిల్లోన్ని ఎత్తుకోని కూచుండాదని చెప్పు. చెవిలో చెప్పద్దు. నీకు అదే అలవాటు. అందరికీ వినపడేటట్ల చెప్పు."

సుజాత చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. నేను వెనక గేటు నుంచే పోయాను. మండపం నిండా జనం. బాజాలు మొదలయ్యాయి. రుద్రప్ప ముందు వరసలో నిలబడి, "అవ్వ యాడప్పా?" అని నాకు సైగ చేశాడు.

నోట్లో మాట మళ్ళీ చిన్నదైపోతుందేమోనని భయపడి, ఒక కుర్చీ ఎక్కాను. "అవ్వ సుజాతమ్మ కొడుకును ఎత్తుకోని ఆడ కూచుండాది! తాళి కట్టించమన్నాది!" అని అరిచాను.

నా అరుపుకు బాజాలు ఆగిపోయాయని చెబుతుంటాను. ఆగలేదు. తాళి కట్టించమని అవ్వ అనలేదు, అది నేను కలిపింది. కానీ రుద్రప్ప తల తిప్పి, తన మేనల్లుణ్ణి పీటల మీదికి నడవమన్నాడు.